షికాగోలో ఇటాలియన్ భోజనం, ఊరు చూడటం: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు

వేసవి ప్రయాణాలకు టికెట్లు తీసుకునే రోజులివి. బెంగళూరు పాఠకుల నుంచి ఈసారి షికాగో గురించి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. చాలామంది తిండికి ఒక జాబితా, తిరగడానికి ఇంకో జాబితా రాసుకుని పంపారు. షికాగోలో అలా కుదరదు. ఊరు పెద్దది, మిషిగన్ సరస్సు గాలికి నడక కష్టం, సాయంత్రం ట్రాఫిక్ మన సిల్క్ బోర్డుకు తీసిపోదు. ఏ పేటలో తిరుగుతున్నారో ఆ పేటలోనే తినేలా చూసుకోవాలి. సమాధానాలన్నీ ఆ లెక్కనే ఇస్తున్నాం.

మల్లేశ్వరం నుంచి ఒక గృహిణి: మే నెలలో మా అబ్బాయి దగ్గరికి షికాగో శివారు నేపర్‌విల్ వెళ్తున్నాం. మేం గుడ్డు కూడా ముట్టం. కోడలు ఇటాలియన్ హోటల్‌కి తీసుకెళ్తానంటోంది. పాస్తా, పిజ్జాయే కదమ్మా, ఏం భయం లేదు అంటున్నాడు మావాడు. నమ్మొచ్చా?

సగం వరకే నమ్మండి. ఇటాలియన్ వంటలో శాకాహారం చాలానే ఉంది. కానీ మాంసం ముక్క కనబడనంత మాత్రాన అది మీరు తినే వంటకం అయిపోదు. సూప్, పాస్తా పిండి, సాస్, చీజ్, స్వీట్, ఈ ఐదు చోట్లా అడిగి తీరాలి.

ముందు సూప్. మినెస్ట్రోనె నిండా కూరగాయలు, బీన్సే ఉంటాయి గానీ, చాలా హోటళ్లలో దాన్ని చికెన్ ఉడికించిన నీళ్లతో చేస్తారు. రిసొట్టో సంగతీ అంతే. బియ్యంలో గరిటెతో కొంచెం కొంచెంగా పోసే వేడి ద్రవం సాధారణంగా చికెన్ బ్రాతే. పైగా మొదట్లో వైట్ వైన్ కూడా పోస్తారు. వెజిటబుల్ బ్రాత్‌తో విడిగా చేసివ్వగలరా అని అడగండి. ముందే వండి పెట్టుకునే చోట అది కుదరదు, అప్పుడు వదిలేయడమే.

పాస్తాలో ఎండు రకాలు, అంటే స్పగెటీ, పెనె, రిగటోని వంటివి, మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లతోనే చేస్తారు. మెనూలో ‘ఫ్రెష్’ అనో ‘హౌస్ మేడ్’ అనో కనబడితే జాగ్రత్త పడాలి. ట్యాలియటెల్లె, పప్పార్డెల్లె, రవియోలి పిండిలో గుడ్డు కలుపుతారు. బంగాళాదుంపతో చేసే న్యోకీలోనూ చాలాసార్లు గుడ్డుంటుంది. ఓరెక్కియెట్టె, కవటెల్లి మాత్రం దక్షిణ ఇటలీ రకాలు, చేత్తో చేసినా సంప్రదాయంగా వాటిలో రవ్వ, నీళ్లే. అయినా ఆ వంటింట్లో ఎలా చేస్తారో ఒకమాట అడగడం మంచిది. వంకాయ పార్మిజాన్ చూడ్డానికి మన వంకాయ కూరలా నోరూరిస్తుంది గానీ, అమెరికాలో ముక్కల్ని గుడ్డు సొనలో ముంచి, బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు.

సాస్‌లలో మరినారా, అర్రబియాటా, వెల్లుల్లి నూనెతో చేసే అల్యో ఎ ఓల్యో మీకు పనికొస్తాయి. అర్రబియాటాలో ఎండుమిర్చి ఉంటుంది, మన నోటికి అదే నప్పుతుంది. పుట్టనెస్కా వద్దు, అందులో యాంకోవీ చేపలుంటాయి. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లోనూ అవే. పాత ఇటాలియన్ పేటల్లో ‘రెడ్ గ్రేవీ’ అంటే చాలాసార్లు మాంసంతో కలిపి గంటలకొద్దీ మరిగించిన టమాటా సాస్. వడ్డించేటప్పుడు ముక్కలు తీసేసినా ఆ రసం అందులోనే ఉంటుంది.

అసలు మెలిక చీజ్‌లో ఉంది. పార్మిజానో రెజ్జానో అనే పేరు వాడాలంటే దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే పాలు విరగ్గొట్టాలని నిబంధన. పెకొరీనో రొమానోకు గొర్రెపిల్ల రెన్నెట్ వాడతారు. పాస్తా మీద తురిమేదీ, బేసిల్ ఆకులతో నూరే పెస్టో సాస్‌లో కలిపేదీ ఎక్కువగా ఈ రెండింట్లో ఒకటి. మీరు అంత పట్టింపుగా ఉండేవారైతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘నో గ్రేటెడ్ చీజ్’ అనండి, పెస్టో మానేయండి. అమెరికాలో మామూలు మోజరెల్లాకు ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్టే వాడతారు కాబట్టి పిజ్జా మీకు కొంత తేలిక.

స్వీట్లలో టిరమిసు వద్దేవద్దు. గుడ్డు, దాంతో పాటు తరచూ మద్యం కూడా ఉంటాయి. పన్న కొట్టాలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. జెలాటో అనే ఐస్‌క్రీమ్‌లో కొన్ని రుచులకు పచ్చసొన వేస్తారు. పళ్లతో చేసే సోర్బెట్టో అడగండి.

వెయిటర్‌తో ‘వి ఆర్ వెజిటేరియన్’ అని ఊరుకోవద్దు. ‘నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ బ్రాత్, నో యాంకోవీ’ అని వరసగా చెప్పండి. ఇలాంటివి వినడం వాళ్లకు అలవాటే. సందేహం ఉంటే లోపలికెళ్లి కనుక్కుని వస్తారు, మొహమాటపడాల్సిన పనిలేదు. శని, ఆదివారాల రాత్రి వంటింట్లో ఊపిరాడనంత పని ఉంటుంది, కాబట్టి మొదటిసారి వారం మధ్యలో సాయంత్రం ఐదున్నరకే వెళ్లండి. మనలా తొమ్మిదింటికి బయల్దేరితే, చేరేసరికి చాలాచోట్ల పొయ్యి ఆర్పే వేళవుతుంది.

నేపర్‌విల్ నుంచి ఊళ్లోకి కారు అక్కర్లేదు. మెట్రా రైలు బీఎన్‌ఎస్‌ఎఫ్ లైన్ నేరుగా యూనియన్ స్టేషన్‌కి చేరుస్తుంది. అక్కణ్నుంచి విల్లిస్ టవర్ అనే ఆకాశహర్మ్యం నడిచివెళ్లే దూరం. మేలో కూడా సరస్సు ఒడ్డున చలిగాలి కొడుతుంది, స్వెటర్ చేతిలో ఉండాలి.

వైట్‌ఫీల్డ్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: అక్టోబర్‌లో ఆఫీసు పని మీద వారం రోజులు వెళ్తున్నాను. బస ఊరి నడిబొడ్డున, లూప్ ప్రాంతంలో. సాయంత్రాలే ఖాళీ. డీప్ డిష్ పిజ్జా తినకుండా రావద్దంటున్నారు టీమ్‌లో. ఎక్కడ తినాలి, ఎంత చెప్పాలి? దాంతోపాటు ఏం చూడొచ్చు?

డీప్ డిష్ పుట్టిన చోటికే వెళ్లండి. 1943లో ఓహయో వీధి, వాబాష్ అవెన్యూ కూడలిలో ఐక్ సీవెల్, రిక్ రికార్డో మొదలుపెట్టిన పిజ్జేరియా ఊనో అదే. ఆ వంటకం అసలు ఎవరి చేతిదన్న తగువు మాత్రం ఇంకా తేలలేదు. లూప్ నుంచి రెడ్ లైన్ రైలు ఎక్కి గ్రాండ్ స్టేషన్‌లో దిగితే రెండు వీధులు నడవాలి. లూ మల్నాటీస్, జీనోస్ ఈస్ట్, జోర్డానోస్ కూడా పేరున్నవే, ఊళ్లో ఒకటికి మించి శాఖలున్నాయి.

ఆర్డర్ ఇచ్చే ముందు తయారీ తెలిస్తే మేలు. సుమారు రెండంగుళాల లోతున్న గుండ్రటి పళ్లెంలో పిండిని అంచుల మీదికి ఎక్కేలా చేత్తో ఒత్తుతారు. అడుగున మోజరెల్లా, దానిమీద కూరగాయలో సాసేజో, అన్నిటికీ పైన నలిపిన టమాటా. చీజ్‌ను కిందకు తోసెయ్యడానికి కారణముంది. అంత మందం పిండి ఉడకాలంటే అరగంట నుంచి ముప్పావుగంట ఓవెన్‌లో ఉండాలి, పైన చీజ్ ఉంటే అప్పటికి మాడిపోతుంది. టమాటా పైన ఉంటే నీరు ఇగిరి చిక్కబడుతుంది. జోర్డానోస్‌లో దొరికేది ‘స్టఫ్డ్’ రకం. చీజ్ మీద పల్చటి పిండి పొర ఇంకొకటి పరిచి, ఆ పైన సాస్ పోస్తారు. అది ఇంకా బరువు.

అంటే మీరు చెప్పాక కనీసం నలభై నిమిషాలు ఆగాలి. చాలాచోట్ల పేరు రాయించుకునేటప్పుడే పిజ్జా కూడా చెప్పేయొచ్చు, బల్ల దొరికేసరికి ఓవెన్‌లో సగం పని అయిపోతుంది. ఎదురుచూస్తూ బ్రెడ్, వేపుళ్లు తినేస్తే పిజ్జా మిగిలిపోతుంది. ఇద్దరికి తొమ్మిదంగుళాల చిన్న సైజు చాలు. మనిషికి రెండు ముక్కలు దాటవు.

కూరగాయలు ఎంచుకోవడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పుట్టగొడుగులు, పాలకూర, క్యాప్సికమ్, ఉల్లి అన్నీ కలిపి చెబుతారు. అవన్నీ నీరు వదిలి అడుగు పిండిని మెత్తటి ముద్ద చేస్తాయి. ఒకటి, మహా అయితే రెండు చాలు. పాలకూర ఒక్కటే వేసింది మాకు అన్నిటికంటే బాగుంటుందనిపిస్తుంది. బల్ల మీదికి రాగానే కోయకుండా ఐదు నిమిషాలు ఆగితే చీజ్ కుదురుకుని ముక్క నిలబడుతుంది. తొందరపడితే అంతా పళ్లెంలోకి జారుతుంది. ఫోర్క్, చాకుతోనే తినాలి.

ఒక మాట మీ టీమ్ వాళ్లకు కూడా చెప్పండి: షికాగో వాళ్లు మామూలు రోజుల్లో ఎక్కువగా తినేది డీప్ డిష్ కాదు, ‘టావెర్న్ స్టైల్’. అప్పడంలా కరకరలాడే పల్చటి పిజ్జా, త్రికోణాలుగా కాక చదరపు ముక్కలుగా కోస్తారు. వారంలో ఒకరోజు అదీ రుచి చూడండి.

పిజ్జా పెట్టుకున్న సాయంత్రం దూరం తిరగొద్దు. ఓహయో వీధిలోనే ఈటలీ అనే ఇటాలియన్ అంగడి ఉంది, 2013లో తెరిచారు. చీజ్‌లు, ఎండు పాస్తా, ఆలివ్ నూనె కొనుక్కోవచ్చు, కాఫీ తాగొచ్చు. చూడటానికి ఒక్కటే ఎంచుకోమంటే మేం నది మీద పడవ ప్రయాణం చెబుతాం. ఆకాశహర్మ్యాలను కిందనుంచి చూపిస్తూ, ఎవరు ఎప్పుడు ఎలా కట్టారో వివరిస్తూ గంటన్నర తిప్పుతారు. మిషిగన్ అవెన్యూ వంతెన దగ్గర ఎక్కాలి, అక్టోబర్‌లో కూడా నడుస్తాయి. అప్పటికి సాయంత్రం ఆరు, ఆరున్నరకల్లా పొద్దుగూకుతుంది కాబట్టి ఆఫీసు నుంచి ఒకరోజు త్వరగా బయటపడాలి. పడవ మీద గాలి చురుక్కుమంటుంది, తలకు టోపీ పెట్టుకోండి. మీరు ఇంజినీరు కాబట్టి ఇది కూడా: 110 అంతస్తుల విల్లిస్ టవర్‌కూ, పాత జాన్ హాన్‌కాక్ భవనానికీ నిర్మాణ ఇంజినీరు ఢాకాకు చెందిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. తొమ్మిది చదరపు గొట్టాలను కట్టగా కట్టి, వేర్వేరు ఎత్తుల్లో ఆపితే వచ్చిన రూపమే విల్లిస్ టవర్. దాని 103వ అంతస్తులో గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెల్లో నిలబడొచ్చు. సరస్సు తీరం బాగా కనబడాలంటే మాత్రం హాన్‌కాక్ 94వ అంతస్తే మేలు.

జయనగర్ నుంచి: మా నాన్నగారికి 78 ఏళ్లు. వివేకానంద స్వామి ప్రసంగించిన చోటు చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఎక్కువ నడవలేరు. ఆ దగ్గర్లో కూర్చుని తినే ఇటాలియన్ హోటల్ ఉందా?

ఉంది, రెండూ ఒకే పూటలో అయిపోతాయి. 1893 సెప్టెంబర్ 11న సర్వమత మహాసభలో స్వామీజీ మాట్లాడింది ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం భవనంలో. అప్పటి సభా మందిరం తాత్కాలికంగా కట్టింది, ఇప్పుడు లేదు. ఆ భాగంలో 1898లో కట్టిన ఫుల్లర్టన్ హాల్ ఉంది, స్వామీజీ జ్ఞాపకంగా ఫలకం పెట్టారు. కార్యక్రమాలేవీ లేనప్పుడు హాల్ మూసి ఉండొచ్చు, ముందు కౌంటర్‌లో అడిగి లోపలికెళ్లండి. బయట మిషిగన్ అవెన్యూ మీద ‘స్వామి వివేకానంద వే’ అని గౌరవ సూచక బోర్డు కనబడుతుంది, నాన్నగారిని అక్కడ నిలబెట్టి ఫొటో తీయండి.

మిషిగన్ అవెన్యూ వైపు, రెండు సింహాల విగ్రహాల మధ్య, మెట్లెక్కాలి. మన్రో వీధి వైపున్న మోడర్న్ వింగ్ ద్వారం సులువు. అక్కడ చక్రాల కుర్చీ అడిగి తీసుకోండి. ఆ వింగ్‌ను రూపొందించిన రెంజో పియానో జెనోవాకు చెందిన ఇటాలియన్, కాబట్టి మీ ఇటాలియన్ పూట అక్కడే మొదలైనట్టు. వారంలో కొన్ని రోజులు మ్యూజియం మూసి ఉంటుంది, బయల్దేరేముందు వెబ్‌సైట్‌లో చూసుకోవడం మరవద్దు.

భోజనానికి మన్రో వీధిలోనే పడమరగా వెళ్తే ఇటాలియన్ విలేజ్ వస్తుంది. 1927 నుంచీ నడుస్తున్న పాత హోటల్. మామూలు నడకకు పది నిమిషాలు, నాన్నగారికి టాక్సీయే మంచిది. ‘ది విలేజ్’ అనే భోజనశాల పై అంతస్తులో ఉంది, బల్ల బుక్ చేసేటప్పుడే మెట్లు ఎక్కలేని పెద్దాయన ఉన్నారని చెప్పి ఏర్పాటు కనుక్కోండి.

బనశంకరి నుంచి ఒక విద్యార్థి తండ్రి: మా అమ్మాయికి యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ షికాగోలో సీటొచ్చింది. క్యాంపస్ పక్కనే ‘లిటిల్ ఇటలీ’ ఉందంటున్నారు. అది ఎలాంటి చోటు?

టేలర్ వీధి. ఒకప్పుడు ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలతో కిటకిటలాడిన పేట. 1960లలో ఈ క్యాంపస్ కట్టడానికే అందులో పెద్ద భాగం పడగొట్టారు, 1965లో క్యాంపస్ తెరిచారు. అందుకే ఈరోజు చూస్తే కొన్ని వీధుల మేరే మిగిలింది. చదువుకునే పిల్లలకు పాంపేయ్ బాగుంటుంది. 1909 నాటి దుకాణం, చదరపు పిజ్జా ముక్కల లెక్కన అమ్ముతారు, ఒక్కదానికి పెద్ద బిల్లు కట్టక్కర్లేదు. ఎండాకాలంలో మారియోస్ ఇటాలియన్ లెమనేడ్ దగ్గర వరసలు కడతారు. చిదిపిన ఐసులో నిమ్మరసం, పళ్ల ముక్కలు. 1954 నుంచీ ఉంది, మే నుంచి సెప్టెంబర్ వరకే తెరుస్తారు. అమ్మాయి ఆగస్టులో చేరితే ఇంకా తెరిచే ఉంటుంది. ఈ పేటలో కొన్ని పాత దుకాణాలు నగదే తీసుకుంటాయి, ఇరవై డాలర్లు చేతిలో ఉంచుకోమనండి.

క్యాంపస్‌లోనే, హాల్‌స్టెడ్ వీధి మీద, హల్ హౌస్ మ్యూజియం ఉంది. వలస కుటుంబాల కోసం జేన్ ఆడమ్స్ 1889లో మొదలుపెట్టిన సేవా గృహం. ఆమెకు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కొత్త దేశంలో అడుగుపెట్టిన అమ్మాయి మొదటి వారంలోనే చూడాల్సిన చోటు.

మారతహళ్లి నుంచి: మేం మాంసం తింటాం, కానీ గొడ్డు మాంసం, పంది మాంసం తినం. ఏవి సురక్షితం?

‘ఇటాలియన్ బీఫ్’ అన్న శాండ్‌విచ్ షికాగో ప్రత్యేకత, పేరులోనే ఉంది కాబట్టి పొరబడరు. తెలియక తినేవి వేరే ఉన్నాయి. బొలొనేజ్, మీట్‌బాల్స్, లజాన్యా సాస్‌లలో బీఫ్, చాలాసార్లు పోర్క్‌తో కలిపి. సాసేజ్ అంటే పోర్క్. పెప్పరోనిలో రెండూ. వీల్ అంటే దూడ మాంసం. కార్బొనారా, అమత్రిచానాలో పంది కొవ్వు ముక్కలుంటాయి. బీఫ్ శాండ్‌విచ్ అంగళ్లలో బంగాళాదుంప వేపుడు కూడా కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు, అడిగి తినండి.

మీకు నప్పేది చికెన్ వెసూవియో. ఎముకతో ఉన్న కోడి ముక్కలు, పొడవుగా కోసిన బంగాళాదుంపలు, దండిగా వెల్లుల్లి, ఒరెగానో, వైట్ వైన్, పైన పచ్చి బఠాణీలు. షికాగో ఇటాలియన్ల సొంత వంటకం. దాని పక్కన ‘హాట్ జార్డినేరా’ అడగండి. క్యారెట్, కాలీఫ్లవర్, సెలరీ, పచ్చిమిర్చి ముక్కలను నూనెలో ఊరబెట్టిన పచ్చడి. చప్పగా ఉందనిపించిన ఏ వంటకాన్నయినా నిలబెడుతుంది. సీసాల్లో కూడా అమ్ముతారు.

కే.ఆర్. పురం నుంచి: జులైలో ఇద్దరు చిన్నపిల్లలతో రెండు రోజులుంటాం. ఖర్చు ఎక్కువ కాకుండా ఎలా?

మొదటి రోజు మిలీనియం పార్క్. అనీశ్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్ శిల్పం, పక్కనే క్రౌన్ ఫౌంటెన్, రెండూ ఉచితం. ఫౌంటెన్‌లో యాభై అడుగుల రెండు స్తంభాల మీద మనుషుల ముఖాలు కనబడుతూ నోట్లోంచి నీళ్లు చిమ్ముతాయి. పిల్లలు తడవకుండా బయటికి రారు, తువ్వాలు, ఇంకో జత బట్టలు తప్పనిసరి. రెండో రోజు లింకన్ పార్క్ జూ, ఏడాది పొడవునా టికెట్టే లేదు. డౌన్‌టౌన్ నుంచి 151 నంబర్ బస్సు. బుధవారమో శనివారమో కలిసొస్తే రాత్రి సరస్సు ఒడ్డున నేవీ పియర్‌లో బాణసంచా ఉచితంగా చూడొచ్చు. మధ్యాహ్నం భోజనం పెద్దగా, రాత్రికి పిజ్జా ముక్కలతో సరిపెడితే ఖర్చు అదుపులో ఉంటుంది. చాలా హోటళ్లలో మధ్యాహ్నం మెనూ ధర తక్కువ.

హెబ్బాళ నుంచి: బిల్లు మెనూ ధర కంటే ఎందుకంత ఎక్కువ వస్తుంది?

మెనూ ధరలో పన్ను కలపరు. షికాగో హోటళ్లలో అది పది శాతం దాటుతుంది. దాని మీద టిప్పు 18 నుంచి 20 శాతం. అరవై డాలర్ల భోజనానికి పన్ను సుమారు 7, టిప్పు 12, మొత్తం 79 దాకా వస్తుంది. ఆరుగురు, అంతకు మించి వెళ్తే టిప్పును కొన్నిచోట్ల వాళ్లే బిల్లులో వేసేస్తారు. ‘గ్రాట్యుటీ’ అని ఉందేమో చూసి, ఉంటే మళ్లీ ఇవ్వొద్దు.

రాజాజీనగర్ నుంచి: పిజ్జా మిగిలితే పట్టుకెళ్లొచ్చా? మర్నాడు ఎలా వేడి చేయాలి?

పట్టుకెళ్లొచ్చు, అందరూ అదే చేస్తారు. ‘బాక్స్’ అడిగితే ఇస్తారు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మైక్రోవేవ్ వద్దు, పిండి మొదట తడిసి, చల్లారాక తోలులా సాగుతుంది. ఓవెన్ ఉంటే 350 డిగ్రీల ఫారెన్‌హైట్‌లో, పైన అల్యూమినియం కాగితం వదులుగా కప్పి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. పెనమే ఉంటే సన్న సెగ మీద ముక్క పెట్టి, పక్కన నాలుగు చుక్కల నీళ్లు చల్లి మూతపెట్టండి. పది నిమిషాలకు లోపల చీజ్ కరుగుతుంది. అప్పుడు మూత తీసేసి ఇంకో రెండు నిమిషాలుంచితే అడుగు మళ్లీ గట్టిపడుతుంది.